క్యారేజీ ఉన్న గేర్ల సైకిలు

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కాశీబుగ్గలో మన్మథరావు సైకిళ్ళ షాపు దగ్గర ఆదివారం పొద్దున్నే చేరే బృందం, కొత్త సైకిలు కొనగానే చేసే మొదటి పని దాని స్టాండు ఊడదీయించడం. తరవాత మడ్‌గార్డులు పోతాయి. కొన్నాళ్ళకి బెల్లు కూడా బరువనిపిస్తుంది. అలా ఒక్కొక్కటీ ఒలిపించి, బండిని ఎముకల గూడు చేసుకుని, అరకిలో తగ్గిందని మురిసిపోతారు. సొంత పొట్టలో ఉన్న పది కిలోల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అలాంటి చోటికి కార్తీకమాసంలో ఒకనాడు లోకనాథం వచ్చి, పైన వేలాడదీసిన గేర్ల సైకిలు చూపించి, "దీనికి కేరేజీ పడతాదా?" అని అడిగాడు.

మన్మథరావు చేతిలో పానా జారిపోయినంత పనైంది.

"గేర్ల సైకిలుకి కేరేజీ ఏటి లోకనాథం? పెళ్ళికొడుకు నెత్తిమీద గంపెడతావేటి?"

"నవ్వితే నవ్వండి. పడతాదా, నేదా? అది సెప్పు."

లోకనాథానికి యాభై రెండేళ్ళు. పలాసలో ఒక హైస్కూల్లో గుమస్తా. నాలుగు మాటలు అవసరమైన చోట రెండే వాడి, మిగతా రెండూ దాచుకునే మనిషి. అతను అంత పట్టుగా అడిగేసరికి బెంచీ మీద టీ తాగుతున్న మిగతా ఇద్దరూ కూడా లేచి వచ్చారు. ఒకరు పట్టాభిరామయ్య మాస్టారు. రిటైరైన లెక్కల మాస్టారు కనక ఏ గేరుకి ఎన్ని పళ్ళో, ఏ పళ్ళకి ఎంత దూరమో నోటికి చెబుతారు. సైకిలెక్కితే మాత్రం రోడ్డు మీద ఆవులు కూడా ఆయన్ని దాటి పోతాయి. రెండోవాడు అనిరుధ్, టెక్కలి బ్యాంకులో ఉద్యోగం. ఎవరు ఎంత దూరం తొక్కారు, గంటకి ఎంత వేగం, అంతా ఫోనులో ఎక్కించి, గీతలు గీసి గ్రూపులో పెట్టడం అతని వ్యసనం.

ఇక సలహాలు మొదలయ్యాయి. "సీటు గట్టిదే తీసుకోవయ్యా. మెత్తటి సీటు మొదటి అయిదు కిలోమీటర్లూ పుట్టిల్లు, ఆ తరవాత అత్తారిల్లు," అన్నారు మాస్టారు. "టైరు సన్నందే వేయించు మావా, స్పీడొత్తాది. నీళ్ళ సీసాకి స్టాండు కూడా ఏయించీ," అన్నాడు అనిరుధ్. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా కొనని సైకిలుకి గంటసేపు వాదన. లోకనాథం అందరి మాటా విన్నాడు. విని, టైరు లావుది వేయమన్నాడు. సీసా స్టాండు వద్దన్నాడు.

"దాహమేత్తే?"

"నాకు దాహమెయ్యదు."

దాహం వెయ్యకేం, వేస్తుంది. కానీ ఇంట్లో ప్రమోదిని రోజు మొత్తానికి అరలీటరు నీళ్ళతో గడుపుతుంటే, రోడ్డు మీద గటగటా తాగడానికి అతనికి గొంతు ఒప్పేది కాదు. ఆమె అతని భార్య, మేనమామ కూతురు, సుమ్మాదేవి ఊరి ఆడపడుచు. రెండేళ్ళ కిందట ఆమె కిడ్నీలు పని మానేశాయి. ఇంటింటా ఆ జబ్బే ఉన్న ఉద్దానంలో ఆ మాట చెబితే ఎవరూ ఎలా, ఎందుకు అని అడగరు. ఏ వారాలు అని మాత్రం అడుగుతారు. ప్రమోదినివి సోమ, బుధ, శుక్రవారాలు. ఆస్పత్రిలో నాలుగు గంటలు మంచం మీద, రక్తం మిషనులోకి వెళ్ళి వస్తుంది.

ఆ కార్తీకంలోనే, అతను షాపుకి రావడానికి ముందు ఒక శుక్రవారం, ఆస్పత్రి నుంచి ఆటోలో ఇంటికొస్తూ ఆమె అంది:

"బావా, ఆ వచ్చే ఆదివారం ఇంకా రానేదు."

ఏ ఆదివారమో లోకనాథం అడగలేదు. ఇరవై ఆరేళ్ళ కిందటిది. కొత్త కాపురం హరిశ్చంద్రపురంలో. ఉన్నదల్లా ఒక గదీ, ఒక పాత సైకిలూ. ఒక ఆదివారం ఆమెని క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని సముద్రానికి బయల్దేరాడు. దారిలో కాలవగట్టు ఎక్కేటప్పుడు ఆమె వెనక నుంచి, "బరువుగా ఉన్నానేటి బావా? దిగిపోమంటావా?" అని అడిగింది. అతనికి గుండెలు అదిరిపోతున్నాయి, పిక్కలు పట్టేశాయి. అయినా కొత్త పెళ్ళికొడుకు కదా, రొప్పు బయటికి వినిపించకుండా పళ్ళు బిగించి, "దూదిలాగున్నావు," అన్నాడు. ఆ అబద్ధానికి ఆమె నవ్విన నవ్వు అతని వీపుకి తగిలింది. ఇంకో మైలు పోయాక జీడితోటల మధ్య వెనక టైరు పంచరైంది. నడిపించుకుంటూ వెనక్కి వచ్చేశారు. "వచ్చే ఆదివారం ఎల్దుం," అన్నాడు.

తరవాత కూతురు మానస పుట్టింది, పలాసలో ఉద్యోగం వచ్చింది, సైకిలు పోయి మోపెడ్ వచ్చింది. సముద్రం చూడలేదని కాదు. వనభోజనాలకి ఆటోల్లో, వాన్లలో ఎన్నిసార్లో వెళ్ళారు. ప్రమోదిని అవేవీ లెక్కలోకి తీసుకోదు. "ఆటోలో ఎల్తే తిన్నగా సముద్రమే వత్తాది. సైకిలు మీదైతే ముందు గాలొత్తాది, తరవాత వాసనొత్తాది, తరవాత సప్పుడొత్తాది. అప్పుడొత్తాది సముద్రం," అంటుంది.

అందుకు క్యారేజీ.

అక్కుపల్లి తీరం పదిహేను కిలోమీటర్ల పైమాటే. మధ్యలో బండి ఒరిగితే ఆమె ఎముకలు తట్టుకోలేవు. ముందు తన కాళ్ళకి బలం రావాలి అనుకున్నాడు లోకనాథం. ఆస్పత్రిలో డయాలసిస్ ముందూ తరవాతా బరువు తూచి ఒక పుస్తకంలో రాస్తారు. ఒంట్లో చేరిన నీరంతా తీశాక మిగిలే బరువుని అక్కడ డ్రై వెయిట్ అంటారు. అదే మనిషి అసలు బరువు. పుస్తకంలో యాభై ఒకటి అని ఉంది. లోకనాథం ఇంట్లో వేలాడే కాటాకి బస్తా తగిలించి, సరిగ్గా యాభై ఒక్క కిలోల బియ్యం తూచి, మూతి కుట్టి, కొత్త సైకిలు క్యారేజీకి కట్టుకున్నాడు. ఆదివారం ఆ బస్తాతోనే రైడుకి వచ్చాడు.

"బియ్యం ఎక్కడికి మావా?" అన్నాడు అనిరుధ్.

"ఎక్కడికీ కాదు. కాళ్ళకి బలం."

ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని ఊరుకున్నారు. అసలు సంగతి లోకనాథం చెప్పలేదు. చెబితే అయ్యో అంటారు. ఆ అయ్యో వింటే తనకి నీరసం వస్తుందని భయం.

మొదటి ఆదివారం నాలుగు కిలోమీటర్లకే దిగిపోయాడు. రెండో ఆదివారం ఆరు. బడి పని అయ్యాక రోజూ సాయంత్రం కూడా తొక్కేవాడు. ఎంత సాధన చేసినా అతనికి నమ్మకం చాలేది కాదు. ఆమె కాళ్ళు వేలాడితే ఎలా అని, చక్రం పక్కన పాదాలు పెట్టుకునే కడ్డీలు వేయించాలనుకున్నాడు. అవి విశాఖ నుంచి రావడానికి రెండు వారాలు. చీర చక్రంలో పడకుండా జాలీ కావాలన్నాడు. దానికి ఇంకో వారం. ఆమెకి మిషను సూదులు గుచ్చేది ఎడమ చేతికి, దానిమీద భారం పడకూడదు. కుడిచేత్తో పట్టుకోవడానికి సీటు వెనక పిడి కావాలి. మన్మథరావు తల గోక్కుంటూ అవన్నీ తెప్పించాడు. మాస్టారు పిడి ఎంత ఎత్తులో ఉండాలో కాగితం మీద బొమ్మ గీసిచ్చారు. ఎవరి కోసమని ఎవరూ అడగలేదు. సామాన్ల గురించి వాదించుకునే మగవాళ్ళకి, ఆ సామాను ఎవరికి అన్న ప్రశ్న చివరికి గాని తట్టదు.

ఇలా సామాను కోసం ఆగిన ప్రతి వారమూ లోకనాథం తనకి తాను ఒకటే చెప్పుకునేవాడు. వచ్చే ఆదివారం.

మార్గశిరం మధ్యలో పుస్తకంలో నలభై తొమ్మిది అని రాశారు. తిండి సహించడం లేదు, కండ తగ్గుతోందన్నారు. లోకనాథం ఆ శనివారం బస్తా మూతి విప్పి రెండు కిలోలు తీశాడు. న్యాయంగా ఉండాలి కదా. తీసిన బియ్యాన్ని డబ్బాలో కలపడానికి చెయ్యి రాలేదు. విడిగా వండి, మెత్తగా కలిపి, ఆమెకే పెట్టాడు. ఇక్కణ్ణించి తీసింది అక్కడికి చేరుతుందేమోనని ఆశ. ఎంత వెర్రి ఆశో అతనికి తెలుసు. తెలిసీ, నలభై ఏడు అన్నప్పుడూ అలాగే చేశాడు. నలభై అయిదు అన్నప్పుడూ అలాగే చేశాడు.

ఒకరోజు ప్రమోదిని వసారాలో సైకిలు పక్కన నిలబడి బస్తా తడిమి చూసింది.

"నీ బస్తా కూడా నాలాగే సిక్కిపోతందేటి బావా?"

"ఎలకలు తినీసినట్టున్నాయి."

ఆమె అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

సైకిలు మాత్రం వారం వారం తేలికవుతూ వచ్చింది. మొదట్లో ఆయాసం వచ్చిన ఎత్తులు ఇప్పుడు మాటలాడుతూ ఎక్కేస్తున్నాడు. అలా ఎక్కిన ప్రతిసారీ అతనికి ఒకటే అనుమానం. ఇది తన కాళ్ళ బలమా, బస్తా తగ్గడమా? రెండోదే అయితే ఈ బలం తనకి వద్దు. మళ్ళీ నాలుగు కిలోమీటర్లకే రొప్పుతూ దిగిపోయే రోజు వస్తే ఆ రోడ్డు మీదే సాష్టాంగపడి దణ్ణం పెడతాను అనుకునేవాడు.

మాఘమాసంలో ఒక ఆదివారం, రైడు ముగించుకుని అందరూ షాపు దగ్గర చేరారు. పొద్దున్న ఏడున్నర. అనిరుధ్ టీ గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, ఫోను పైకెత్తాడు. అందులో ఎడమ నుంచి కుడికి పైపైకి పోతున్న ఎర్రటి గీత ఉంది.

"అందరూ సూడండి. లోకనాథం మావది. కార్తీకంలో గంటకి పదకొండు. ఇప్పుడు పదహారు. అదే రోడ్డు, అదే బస్తా! ఈ వయసులో ఈ స్పీడేటి మావా?"

చప్పట్లు కొట్టారు. మాస్టారు, అందరూ కలిసి కొన్న చేతి తొడుగులు తెచ్చి లోకనాథం చేతిలో పెట్టారు. నల్లవి, అరచేతి దగ్గర మెత్త ఉన్నవి. లోకనాథం వాటిని పట్టుకుని ఆ ఎర్రగీత వంక చూస్తూ ఉండిపోయాడు. ఎక్కడ ఏ వారం ఎంత లేచిందో చూస్తుంటే, పుస్తకంలో ఏ వారం ఎంత పడిందో కళ్ళకి కట్టింది.

"అదే బస్తా కాదు బాబూ," అన్నాడు.

"ఏటి మావా?"

"యాభై ఒకటితో మొదలెట్టినాను. ఇప్పుడందులో నలభై మూడే ఉన్నాయి. మొన్న శుక్రవారం మా ప్రమోదిని నలభై మూడు తూగినాది." దాచుకున్న మాటలన్నీ ఆ రోజే ఖర్చు పెట్టాలనుకున్నట్టు చెప్పుకుంటూ పోయాడు. కాలవగట్టు, పంచరు, ఆటోలో ఆమె అన్న మాట, ఎలకలు, అన్నీ. "నాకు బలం సాలదని ఆగినాను మేస్టారూ. కడ్డీలని ఆగినాను, జాలీ అని ఆగినాను. నాకు బలం వచ్చినాది. ఆ మనిసి..."

అక్కడితో ఆపేసి, తొడుగులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి బజారులో అలా ఏడవడం వాళ్ళెవరూ చూడలేదు. అనిరుధ్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఆ గీత తాను గీసినందుకు అతనికి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

మన్మథరావే ముందుగా కదిలాడు. క్యారేజీ తాళ్ళు విప్పి, బస్తాని ఎత్తి షాపులో పెట్టాడు. పానా తీసుకుని కడ్డీల నట్లు ఒకసారి, పిడి నట్లు ఒకసారి బిగించాడు.

"పంతులు గారూ, మంచిరోజేటైనా సూడండి," అన్నాడు మాస్టారితో. "వచ్చే ఆదివారం..."

"ఇవాళ ఏం వారమయ్యా?" అన్నారు మాస్టారు.

లోకనాథం కళ్ళు తుడుచుకున్నాడు. ఆస్పత్రిలో అడగాల్సింది ఎప్పుడో అడిగి పెట్టుకున్నాడు. డయాలసిస్ అయిన మూడోనాడు, ఎండెక్కకుండా, ఎడమ చెయ్యి జాగ్రత్తగా, నెమ్మదిగా అయితే పరవాలేదన్నారు. శుక్రవారానికి ఇవాళ మూడోనాడే. మాఘమాసపు ఎండ ఇంకా లేతగానే ఉంది.

నలుగురూ సైకిళ్ళ మీద అతని ఇంటికి వెళ్ళేసరికి ప్రమోదిని గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"ఏటిది, ఊరేగింపులాగొచ్చినారు?"

"లే, ఎల్దుం," అన్నాడు లోకనాథం.

"ఎక్కడికి?"

"సముద్రానికి."

"వచ్చే ఆదివారమేటి?"

"ఈ ఆదివారమే."

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. అతని వెనక ఖాళీ క్యారేజీ వైపు చూసింది.

"బస్తా ఏదీ?"

"దించీసినాను."

"మరి ఎలకలకేటి పెడతావు?" అంది. అని, అతను ఏమంటాడో వినకుండా చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

ఆ పావుగంటలో జరిగింది చూస్తే ఆ బృందాన్ని ఎవరూ పోల్చలేరు. గ్రాముల లెక్కన బరువు తగ్గించుకున్నవాళ్ళు, ఉన్నదంతా విప్పి ఆ ఒక్క సైకిలుకి ఎక్కించారు. మాస్టారు తన సీటు మీది మెత్తటి తొడుగు ఊడదీసి క్యారేజీకి తొడిగారు. గట్టి సీటు గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి దాన్ని ఎప్పుడు వేయించుకున్నాడో ఎవరూ అడగలేదు. మన్మథరావు జేబులోంచి బెల్లు తీసి బిగించాడు. అనిరుధ్ తన కొత్త హెల్మెట్‌ని ప్రమోదిని తలకి పెట్టి, పట్టీ కుదించాడు. చివరి రంధ్రం దాకా కుదించినా వదులుగానే ఉంది. ఆమె పమిట కొంగు తల చుట్టూ చుట్టుకుని మళ్ళీ పెట్టించుకుంది.

"ఎలాగున్నాను బావా?"

"పోలీసులాగున్నావు."

ఆమె క్యారేజీ మీద పక్కకి తిరిగి కూర్చుని, పాదాలు కడ్డీ మీద ఆనించి, కుడిచేత్తో పిడి పట్టుకుంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. లోకనాథం పెడలు మీద కాలు వేశాడు. బండి కదిలింది. కదలడం ఎంత సులువుగా కదిలిందంటే, అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు.

"ఉన్నాన్లే, తొక్కు," అంది ఆమె.

ఊరు దాటారు. జీడితోటలు పూత మీద ఉన్నాయి. తిత్లీ తుపానులో కూలిపోయిన చెట్ల స్థానంలో వేసిన కొబ్బరిమొక్కలు మనిషెత్తు దాటి గాలికి ఊగుతున్నాయి. వెనక ముగ్గురూ దూరంగా, ఒకరి వెంట ఒకరు వస్తున్నారు. ప్రతి ఆదివారం ముందుకు దూసుకుపోయే అనిరుధ్ ఆ రోజు మాస్టారి వెనక్కి చేరాడు. ప్రమోదిని కనబడిన ఊరి పేరల్లా చదువుతోంది, ఎవరి కోడలు ఏ ఊరో చెబుతోంది. కొంతసేపటికి మాటలాపేసింది. ముఖానికి కొత్తగాలి తగిలింది.

"గాలొచ్చినాది," అంది.

ఇంకో మైలు పోయాక, "వాసనొచ్చినాది," అంది. ఆమె గొంతులో ఇరవై రెండేళ్ళ పిల్ల ఉంది. లోకనాథానికి రోడ్డు మసకబారింది. చేతి తొడుగుతో కళ్ళు తుడుచుకున్నాడు. దానికి మెత్త ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది.

ముందు ఉప్పుటేరు మీద వంతెన ఉంది. అది దాటితే తీరం. ఎత్తు మొదలైంది. నెలన్నర కిందట మొదటిసారి బస్తాతో ఇక్కడిదాకా వచ్చినప్పుడు ఇక్కడే దిగి, రొప్పుతూ నెట్టుకుంటూ పోయాడు. ఇప్పుడు కాళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి. వెనక బరువు ఉన్నట్టే తెలియడం లేదు. ఆ తేలిక అతని గుండెల మీద కూర్చుంది. ఇంత మనిషి ఇంతైపోయిందా అని ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడే వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"బరువుగా ఉన్నానేటి బావా? దిగిపోమంటావా?"

లోకనాథం ఒక్క క్షణం పెడలు ఆపాడు. ఆపి, సీటు మీంచి లేచి నిలబడ్డాడు. భుజాలు అటూ ఇటూ ఊపుతూ, నోరు తెరిచి, రోడ్డంతా వినబడేలా రొప్పడం మొదలుపెట్టాడు.

"సచ్చిపోతన్నానే! మొయ్యలేకపోతన్నాను! ఇంత బరువేటి, ఏటి తింటన్నావే నువ్వు?"

"నీ బస్తాలో బియ్యమే," అంది ఆమె.

అని నవ్వింది. పిడి వదిలేసి కుడిచెయ్యి అతని నడుం చుట్టూ వేసింది. హెల్మెట్ అతని వీపుకి ఆనింది, ఆ నవ్వు అక్కడే తగిలింది. వెనక నుంచి అనిరుధ్ గొంతెత్తి అరిచాడు, "మావా! స్పీడు పడిపోనాదేటి మావా!" అని. "దిగి తొయ్యవయ్యా, అంత బరువు నీ వల్ల కాదు!" అన్నారు మాస్టారు.

వంతెన పైకి వచ్చేసరికి అలల చప్పుడు వినిపించింది. దూరంగా సరుగుడు చెట్ల సందుల్లో నీలంగా మెరుస్తోంది. కుడివైపు చూడమని ప్రమోదిని అతని నడుం గిల్లింది. లోకనాథం ఇంకా రొప్పుతూనే, ఎత్తు అయిపోయినా గేరు మరొకటి తగ్గించాడు.